కోలుకున్నది ఎవరు? అనంతగిరి రిసార్టులూ, నవాబుపేట కూలీలూ

శనివారం పొద్దున నవాబుపేట నుంచి వికారాబాద్ దిక్కు పోయే షేర్ ఆటోలలో ఎవరు కూర్చుంటున్నారో చూస్తే టూరిజం పరిశ్రమ సగం అర్థమైతది. హైదరాబాద్ నుంచి విహారానికి వచ్చే కార్ల కంటే ముందే ఆ ఆటోలు బయలుదేరుతాయి. వాటిల్లో ఎక్కువగా ఉండేది మాదిగ, మాల వాడల ఆడవాళ్ళు, చదువు మధ్యలో ఆగిన పిల్లగాళ్ళు. వీళ్ళు గదులు ఊడుస్తారు, దుప్పట్లు మారుస్తారు, గిన్నెలు తోముతారు, బాత్‌రూములు కడుగుతారు. ఆదివారం రాత్రి కూలి తీసుకొని తిరిగొస్తారు. సోమవారం మళ్ళీ పత్తి చేనో, కంది చేనో.

కోవిడ్ తర్వాత ఈ పరిశ్రమ గురించి రెండు మాటలు పదే పదే వింటున్నాం. ఒకటి, హోటళ్ళూ రిసార్టులూ కోలుకున్నాయని. రెండోది, పనివాళ్ళు దొరకడం లేదని. రెండూ యజమానుల వైపు నుంచి వచ్చిన మాటలే. పనిచేసేవాళ్ళు కోలుకున్నారా లేదా అని అడిగినవాళ్ళు తక్కువ. అసలు పనిచేసేవాళ్ళ నష్టం ఏ లెక్కలో ఎక్కింది? 'కొరత' అంటే ఏమిటి? ఇందులో కులం ఎక్కడుంది? ఈ మూడు ప్రశ్నలను పరిశీలిద్దాం.

కొండగాలి, వానకాలం

అనంతగిరి కొండలు మూసీనది పుట్టినచోటు. అనంత పద్మనాభస్వామి గుడి, కోటిపల్లి ప్రాజెక్టు నీళ్ళు, అడివి, హైదరాబాద్‌కు 80 కిలోమీటర్ల లోపు దూరం - ఇవన్నీ కలిసి ఈ ప్రాంతాన్ని నగరవాసుల వారాంతపు విడిదిగా మార్చాయి. ఒకప్పుడు ఈ గాలి మంచిదనే ఇక్కడ క్షయరోగుల శానిటోరియం పెట్టారు. రోగులకు వైద్యమైన గాలి ఇప్పుడు గది కిరాయి లెక్కన అమ్ముడుపోతున్నది. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లా అయింది. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకంలో అనంతగిరిని ఎంచుకున్నది. రాష్ట్ర ప్రభుత్వం 2025-30 టూరిజం విధానంలో 15,000 కోట్ల పెట్టుబడులు, 3 లక్షల ఉద్యోగాలు అని లక్ష్యం పెట్టుకున్నది. ఆ 3 లక్షల ఉద్యోగాలు ఏ రకం ఉద్యోగాలు అన్నదే మన ప్రశ్న.

ఈ పనికి రెండు ప్రత్యేక లక్షణాలున్నాయి. వారంలో గిరాకీ ప్రధానంగా రెండు రోజులే. కాబట్టి యజమాని నెల జీతం మీద కొద్దిమందిని పెట్టుకొని మిగతా పని రోజు కూలితో జరుపుకుంటాడు. ఇక కొండలు పచ్చబడి జనం ఎక్కువగా వచ్చేది వానకాలం. సరిగ్గా అప్పుడే ఊర్లల్ల కలుపు పనులు జోరుగా ఉంటాయి. అటు తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లకూ మనుషులు కావాలె. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండేది కూడా ఈ కూలీల చేతుల మీదనే. అంటే రిసార్టు యజమాని, పటేలు, బండల ఫ్యాక్టరీవాడు - ముగ్గురూ వెతికేది ఒకే వాడలో.

పనుల మెట్లు

ఒక రిసార్టులోకి గేటు నుంచి నడుద్దాం. రిసెప్షన్ కాడ ఇంగ్లీషు వచ్చిన, పట్నం నుంచి వచ్చిన యువకుడు ఉంటాడు. మేనేజరు యజమానికి చుట్టమో, నమ్మకస్తుడో. వంటింట్లో మాస్టరు, అతని కింద ఇద్దరు ముగ్గురు. వీళ్ళు తరచుగా ఒడిశా, బెంగాల్ వంటి దూరప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు. అన్నం వడ్డించే సప్లయర్లు ఆ తర్వాతి మెట్టు. ఇక ఊరివాళ్ళకు మిగిలేది హౌస్‌కీపింగ్, గిన్నెలు, తోటపని, వాచ్‌మన్ పని. అందులోనూ బాత్‌రూములు, చెత్త, సెప్టిక్ ట్యాంకు ఎవరి పాలబడతాయో చెప్పనక్కర లేదు.

కులం పనులను పంచి ఊరుకోదు, పనిచేసేవాళ్ళనే మెట్లుమెట్లుగా పేరుస్తుందని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చూపించాడు. రిసార్టు ఆ మెట్లకు ఇంగ్లీషు పేర్లు పెట్టింది. 'పాకీ' అనే మాట పోయి 'హౌస్‌కీపింగ్' వచ్చింది. మాట మారడం మంచిదే. కానీ చీపురు పట్టిన చేతిని గరిటె పట్టనిస్తున్నారా? గిన్నెలు తోమే అక్క అయిదేండ్లయినా వడ్డించే కాడికి ఎందుకు రాలేకపోతున్నది? అనుభవం లేదంటారు. అనుభవం వచ్చే చోట నిలబడనిస్తే కద!

దళితులకు ఈ విద్య చేతగాక కాదు. సికింద్రాబాద్, బొల్లారం దండు బంగ్లాలలో దొరల బట్లర్లుగా వంటిండ్లు నడిపినవాళ్ళలో దళితులున్నారు. భాగ్యరెడ్డి వర్మ (1888-1939) చిన్నతనంలో హైదరాబాద్‌లో ఒక బారిస్టరు ఇంట్లో పనిచేస్తూనే చదువు నేర్చి, ఆది హిందూ ఉద్యమానికి నాయకుడయ్యాడు. తెల్లదొర తిన్న వంట మన హోటళ్ళకు మాత్రం పనికిరాకుండా పోయింది. పల్లె టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన చోట మన మనిషి పొయ్యి కాడికి ఎట్ల పోతాడు? 'బ్రాహ్మణ భోజనం', 'రెడ్డి మెస్' అని బోర్డులు చూస్తాం. 'మాదిగ మెస్' అన్న బోర్డు ఎన్ని ఊర్లల్ల చూశాం?

రాజ్యాంగం 15(2) అధికరణం హోటళ్ళలోకి, దుకాణాలలోకి పోయే హక్కు ఇచ్చింది. అది గిరాకీగా పోయే హక్కు. పనివాడిగా పోయే హక్కు గురించి కూడా చట్టం ఉన్నది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. అందులోని 4వ సెక్షన్ ప్రకారం అంటరానితనం కారణంగా ఏ వృత్తినైనా, ఏ ఉద్యోగాన్నైనా చేసుకోకుండా అడ్డుకోవడం నేరం. టీకొట్టు గ్లాసు మీద మనం చాలా కొట్లాడినం. వంటింటి గడప మీద కొట్లాట ఇంకా సరిగ్గా మొదలు పెట్టలేదు.

పేరు లేని పని, పేరు లేని నష్టం

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. హోటళ్ళు తెరవడానికి జూన్ 8 దాకా అనుమతి రాలేదు. 2021లో తెలంగాణలో మే 12 నుంచి జూన్ 19 దాకా మళ్ళీ లాక్‌డౌన్. కేంద్ర టూరిజం శాఖ కోసం ఎన్‌సీఏఈఆర్ చేసిన అధ్యయనం ప్రకారం 2019-20లో దేశంలో టూరిజం మీద 3 కోట్ల 48 లక్షల ఉద్యోగాలు ఉండేవి. 2020-21లో మొదటి మూడు నెలల్లోనే 1 కోటి 45 లక్షలు, తర్వాతి మూడు నెలల్లో 52 లక్షలు, ఆ తర్వాత 18 లక్షల ఉద్యోగాలు పోయాయి.

ఇవి పెద్ద అంకెలు. ఆ అంకెల కింద మనిషి ఎట్లుంటాడో చెప్పడానికి మా ఇంటి సంగతే చెప్తాను. మా చిన్నమ్మ అప్పటికి మూడేండ్లుగా ఒక రిసార్టులో గిన్నెలు తోముతున్నది. మార్చిలో మేస్త్రీ ఫోన్ చేసి రావద్దన్నాడు. అంతే. ఉద్యోగం తీసేశారని కూడా అనలేం. చేర్చుకున్నట్టు కాగితం ఉంటే కద తీసేసినట్టు కాగితం ఉండేది! హాజరు పుస్తకంలో ఆమె పేరు లేదు, మేస్త్రీ పేరు ముందు 'ఆరుగురు' అని అంకె ఉన్నది. ఆ ఆరుగురిలో ఆమె ఒకతి.

పేరు లేకపోతే ఏమైతదో మరో ఉదాహరణతో పోల్చి చూద్దాం. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. అది న్యాయమే. అది వీలైంది ఎందుకంటే వాళ్ళ పేర్లు బడుల రికార్డుల్లో ఉన్నాయి కాబట్టి. రోజు కూలికి గిన్నెలు తోమేవాళ్ళ జాబితా ఏ ఆఫీసులో ఉంది? వాళ్ళకు అందింది తెల్లరేషన్ కార్డు మీద అందరితో పాటు 2020 ఏప్రిల్‌లో వచ్చిన మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు; ఆ తర్వాత ఉపాధి హామీ పని. 2020-21లో మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకు 237 రూపాయలు.

పరిశ్రమకు ఏమందింది? 2021 జూన్ 28న కేంద్రం టూరిజం కోసం పూచీకత్తు అప్పుల పథకం ప్రకటించింది: ప్రభుత్వ గుర్తింపు ఉన్న 10,700 మంది గైడ్లకు లక్ష దాకా, సుమారు 1,000 ట్రావెల్, టూరిజం సంస్థలకు 10 లక్షల దాకా. 2022-23 బడ్జెట్‌లో అత్యవసర రుణ హామీ పథకాన్ని పొడిగిస్తూ, పెంచిన 50,000 కోట్లను పూర్తిగా హోటళ్ళు, తత్సంబంధ వ్యాపారాలకే కేటాయించింది. ఈ రెండు పథకాల్లోనూ చెయ్యి చాపాలంటే లైసెన్సు ఉండాలి, లేదా సంస్థ ఉండాలి, బ్యాంకు ఖాతాలో వ్యాపారం కనిపించాలి. చీపురుకు లైసెన్సు లేదు. యజమాని నిలబడితే పనివాడు కూడా నిలబడతాడని ఈ పథకాల తర్కం. నిలబడ్డ యజమాని పాత పనివాళ్ళను పాత కూలీకైనా పిలవాలనే షరతు మాత్రం ఈ పథకాల్లో లేదు.

'కొరత' అంటే ఏమిటి?

రిసార్టు తిరిగి తెరిచినప్పుడు మా చిన్నమ్మకు పిలుపు వచ్చింది. ఆరుగురు చేసే పనికి ఈసారి నలుగురినే పిలిచారు, కూలి పాతదే. ఆమె పోలేదు. పత్తి ఏరుడుకు పోయింది. అక్కడ ఎంత ఏరితే అంత డబ్బు, పక్కన మాట్లాడుకోను మనవాళ్ళుంటరు, రాత్రి ఇంటికి ఎట్ల చేరాలన్న రంది లేదు. యజమాని లెక్కలో ఇది 'కార్మికుల కొరత'. ఆమె లెక్కలో ఇది ఎంపిక. ఆమె బతుకులో ఎంపికలు ఎక్కువ లేవు, ఉన్నదాన్ని వాడుకున్నది.

తెలంగాణలో 'జీతగాడు' అంటే నెల జీతం తీసుకునేవాడని అర్థం కాదు. అప్పు కింద, తిండి కింద పటేలు ఇంట్ల ఏడాది పొడుగునా కట్టుబడ్డ మనిషి అని అర్థం. వెట్టిచాకిరీని 1976 చట్టం రద్దు చేసింది. ఆ జీతాల నుంచి బయటపడ్డ తరం పిల్లలు మళ్ళీ పని గంటలు లేని, కాగితం లేని, మేస్త్రీ దయ మీద నడిచే పనికి ఎగబడి రావాలని ఎందుకు అనుకోవాలి? జనం లేక కాదు, ఆ పద్ధతికి జనం లేరు. ఇదే తేడా మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి. పనివాళ్ళు దొరకడం లేదని ఎవరన్నా అన్నప్పుడు, ఏ కూలికి, ఏ పనికి, ఏ కాగితం మీద అని అడగాలి.

దూరప్రాంతాల నుంచి వచ్చే కూలీలను మనం శత్రువులుగా చూడడం కూడా తప్పే. వాళ్ళు రిసార్టు షెడ్డులోనే పడుకుంటారు, కాబట్టి పొద్దుమాపు అందుబాటులో ఉంటారు. పండుగకు ఇంటికి పోలేరు. యజమానికి కావలసింది ఆ నిస్సహాయతే. వాళ్ళ హక్కులూ మన హక్కులూ ఒక్కచోటే తెగుతున్నాయి.

మన ముందున్న పని

నవాబుపేట మండలం ఉన్న చేవెళ్ళ నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. పక్కన వికారాబాద్ కూడా ఎస్సీ రిజర్వుడే. అసెంబ్లీలో సీటు ఉన్న కులానికి రిసార్టు హాజరు పుస్తకంలో పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు వెంటనే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది కాగితం. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాల విమర్శలు న్యాయమైనవే. ఉదాహరణకు కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇప్పుడు 50 మంది ఉన్న చోటనే మొదలవుతాయి; ఒక మేస్త్రీ కింద అంతమంది ఎక్కడుంటారు? అయినా ఆ కోడ్‌లే నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి, కనీస వేతనం అందరికీ అంటున్నాయి. ఆ రెండు మాటలు మనం పట్టుకోవాలి. 10 మంది పనిచేసే చోట ఈఎస్ఐ ఉండాలి, ఆడవాళ్ళ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. 20 మంది ఉంటే ప్రావిడెంట్ ఫండ్ కట్టాలి. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు ఎక్కించడం ఉచితం. అది రక్షణ కాదు గానీ, రేపు మళ్ళీ విపత్తు వస్తే 'జాబితా లేదు' అనే సాకు ఉండదు.

రెండోది సెప్టిక్ ట్యాంకు. ఊరి బయటి రిసార్టులకు డ్రైనేజీ లైను ఉండదు, ట్యాంకులే దిక్కు. రక్షణ లేకుండా మనిషిని అందులో దింపడం 2013 చట్టం 7వ సెక్షన్ కింద నేరం. మొదటి తప్పుకే రెండేండ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. మురుగు పనిలో ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 20న చెప్పింది. ఎవరన్నా చచ్చినంక కాదు, దిగక ముందే ఈ చట్టం వాడకట్టులో తెలియాలి.

మూడోది చదువు. కేంద్ర టూరిజం శాఖ 2009-10లో 'హునర్ సే రోజ్‌గార్ తక్' పేరుతో వంట, వడ్డన పనుల్లో కొద్ది వారాల శిక్షణ మొదలు పెట్టింది. మొదట్లో ఎనిమిదో తరగతి చదివితే చాలన్నది. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలున్నాయి. టూరిజం విధానం చెప్పే ఉద్యోగాలలో స్థానిక దళిత యువత వాటా ఎంత, అందులో చీపురు ఎంత, గరిటె ఎంత, రిసెప్షన్ కుర్చీ ఎంత అని లెక్క అడగాలి. ప్రభుత్వ హోటళ్ళ నుంచే ఆ లెక్క మొదలు కావాలి.

గదులు నిండితే పరిశ్రమ కోలుకున్నట్టు అంటున్నారు. మన కొలత వేరే ఉండాలి. శనివారం ఆటోలో కూర్చున్న ఆడమనిషి పేరు హాజరు పుస్తకంలో ఎక్కిన రోజు, ఇష్టమైతే ఆమె బిడ్డ అదే వంటింట్లో మాస్టరుగా నిలబడగలిగిన రోజు, అప్పుడు కోలుకున్నట్టు. అప్పటిదాకా కోలుకున్నది కట్టడాలే, మనుషులు కాదు.