సైలెన్సర్ బిగిస్తే తుపాకీ చప్పుడే రాదా? కొత్త మోడల్ వస్తే అమెరికా గన్ ప్రియులు అడిగే మొదటి ప్రశ్న వేరే!

సినిమాల్లో విలన్ కోటు జేబులోంచి చిన్న గొట్టం తీస్తాడు. తుపాకీ మొనకి తిప్పి బిగిస్తాడు. 'టుస్' మని ఓ చప్పుడు, ఎదుటివాడు కింద పడిపోతాడు. పక్క గదిలో ఉన్నోళ్లకి కూడా తెలియదు. మన తెలుగు సినిమాలు కూడా దశాబ్దాలుగా ఇదే చూపిస్తున్నాయి. కానీ అసలు విషయం అది కాదు.

సైలెన్సర్ లేకుండా ఏఆర్-15 లాంటి రైఫిల్ పేలిస్తే శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. మంచి సైలెన్సర్ బిగిస్తే అది 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. అంటే ఇంకా 130 పైనే. ఇది చెవి పక్కన పెద్ద బాంబు పేలినట్టే ఉంటుంది కానీ, గుసగుసలా మాత్రం ఉండదు. అందుకే తెలిసినవాళ్లు దీన్ని సైలెన్సర్ అనరు, 'సప్రెసర్' అంటారు. మరి తేడా ఏంటి అంటారా? ఒక్కసారిగా వచ్చే శబ్దం 140 డెసిబెల్స్ దాటితే చెవికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. సప్రెసర్ ఆ గీతకి కాస్త కిందకి తీసుకొస్తుంది. అంతే. షూటింగ్ రేంజ్‌లో చెవులకి మఫ్స్ పెట్టుకోవడం మాత్రం తప్పదు.

ఇంకో చిక్కు ఉంది. గొట్టం లోపల గదులు గదులుగా అడ్డుగోడలు ఉంటాయి. తూటా వెనక దూసుకొచ్చే వేడి గ్యాస్ వాటిలో తిరిగి, చల్లబడి, నెమ్మదిగా బయటకి వస్తుంది. బైక్ సైలెన్సర్ కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. కానీ గాల్లో శబ్ద వేగం సెకనుకి దాదాపు 340 మీటర్లయితే, 5.56 రైఫిల్ తూటా 900 మీటర్ల పైమాటే. ధ్వని వేగాన్ని దాటి వెళ్లే తూటా దారి పొడవునా కొరడా ఝళిపించినట్టు 'ఠప్' మంటుంది. దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు.

కొత్తది రిలీజైతే గొడవ దేని మీద?

ఒకప్పుడు 'ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుంది' అన్నదే లెక్క. ఇప్పుడు కొత్త మోడల్ మార్కెట్లోకి వచ్చీ రాగానే గన్ ప్రియులు అడిగేది 'మొహం మీదకి గ్యాస్ కొడుతుందా?' అని. గొట్టం గ్యాస్‌ని బంధిస్తే, అది ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. రైఫిల్ లోపలికే వెనక్కి తన్నుతుంది. కళ్లు మండుతాయి, ముక్కులోకి పొగ పోతుంది, తుపాకీ లోపల మసి పేరుకుపోతుంది. ఈ సమస్యకి సమాధానంగా వచ్చినవే 'ఫ్లో త్రూ' డిజైన్లు. గ్యాస్‌ని ఆపకుండా మెలికల దారుల్లో తిప్పి ముందుకే పంపేస్తాయి. ఆ మెలికల్ని మామూలు లేత్ మిషన్ మీద కోయడం కష్టం కాబట్టి లోహాన్ని 3డీ ప్రింటింగ్ చేస్తున్నారు.

అమెరికా సైన్యం 2022 ఏప్రిల్‌లో సిగ్ సావర్ కంపెనీ కొత్త 6.8 ఎంఎం రైఫిల్‌ని ఎంచుకుంది. దాంతో పాటే ఇలాంటి సప్రెసర్‌ని కూడా తీసుకుంది. అంతకుముందే మెరైన్ దళం ముందు వరుసలో పోరాడే యూనిట్ల రైఫిళ్లకి వీటిని బిగించడం మొదలుపెట్టింది. తుపాకీ మోతలో కమాండర్ అరుపు వినబడాలి, రిటైరయ్యాక సైనికుడికి చెవులు పనిచెయ్యాలి. సైన్యం లెక్క ఇది.

అయితే ఫ్లో త్రూ అందరికీ నచ్చదు. గ్యాస్ ముందుకి పోతే రాత్రిపూట మొన దగ్గర మంట ఎక్కువగా కనబడొచ్చు, శబ్దం కూడా కాస్త పెరగొచ్చు. వేటగాడికి బరువు తక్కువుండాలి, పోటీల్లో కాల్చేవాడికి గురి మారకూడదు. బరువైన గొట్టం మొనకి తగిలిస్తే తూటా పడే చోటు కొంచెం జరుగుతుంది. ఒక్క మోడల్ అందరి కోరికా తీర్చదు. కంపెనీ ప్రకటనలో డెసిబెల్ అంకె చూసి కొంటే మోసపోయినట్టే. ఆ కొలత మొన దగ్గర తీశారా, కాల్చేవాడి చెవి దగ్గర తీశారా అన్నదే అసలు పాయింట్.

92 ఏళ్ల నాటి పన్ను.. ఇప్పుడు సున్నా

దీన్ని 1909లో పేటెంట్ చేసింది హైరమ్ పెర్సీ మాక్సిమ్. మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టిన తండ్రికి కొడుకు ఈయన. 1934లో అమెరికా చట్టం తెచ్చి ఒక్కో సైలెన్సర్‌పై 200 డాలర్ల పన్ను వేసింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. కొనకుండా చెయ్యడమే ఉద్దేశం. ఆ అంకె మారలేదు, డాలర్ విలువ మాత్రం కరిగిపోయింది. 2021 నాటికే రిజిస్టరైన సైలెన్సర్లు 26 లక్షలు దాటాయి. ట్రంప్ 2025 జూలై 4న సంతకం చేసిన బిల్లుతో 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. వేలిముద్రలు, ఫోటో, బ్యాక్‌గ్రౌండ్ చెక్, రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉన్నాయి. పన్నే లేనప్పుడు రిజిస్ట్రేషన్ దేనికంటూ గన్ సంఘాలు కోర్టుకెక్కాయి.

వ్యతిరేకించేవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో 12 మందిని చంపిన దుండగుడు సప్రెసర్ బిగించిన పిస్టల్ వాడాడు. కాల్పులు ఎటునుంచి వస్తున్నాయో తెలియకపోతే పారిపోయే దారి కూడా తెలియదు కదా అన్నది వాళ్ల ప్రశ్న. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ సహా 8 రాష్ట్రాల్లో సామాన్యులకి ఇవి ఇప్పటికీ నిషేధమే.

అక్కడున్న మనోళ్లు ఇది గుర్తుంచుకోవాలి

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో సప్రెసర్ చట్టబద్ధమే. అలాగని హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు కొనేయొచ్చని కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఉత్త గొట్టం కూడా 'ఫైర్ ఆర్మ్' కిందకే వస్తుంది. తాత్కాలిక వీసాదారులు తుపాకీ దగ్గర పెట్టుకోవడం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఇక ఆన్‌లైన్‌లో 'క్లీనింగ్ కిట్' అని చవగ్గా అమ్మే గొట్టాలు కొన్ని నిజానికి సైలెన్సర్లే. రిజిస్టర్ చెయ్యని సైలెన్సర్ ఇంట్లో దొరికితే 10 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. వీసా సంగతి చెప్పక్కర్లేదు.