పదమూడు నెలల యాలస్యము

1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చినదని పాఠమున జదివిన విద్యార్థి, యింటికడ పెద్దలు 1948 సెప్టెంబరు 17వ తేదీని గూర్చి ముచ్చటించుకొనుట విని, మఱునాడు మమ్ము ప్రశ్నించుచుండును: ఈ పదమూడు నెలల యంతరమునకు గారణమేమి? సమాధానము చెప్పవలెనన్న గొంత వెనుకకు బోవలెను. మన సికింద్రాబాదు పుట్టుకయు నందులోనే యున్నది.

మన సీమ మిగుల ప్రాచీనమైనది. గోదావరీతీరమున కోటిలింగాల యొద్ద శాతవాహనుల నాణెములు దొరకినవి. ఓరుగల్లు నేలిన కాకతీయులు 1323లో ఢిల్లీ సైన్యములచే నోడిపోయిరి. 1518 మొదలు గోలకొండ నేలిన కుతుబ్ షాహీలలో ఇబ్రహీము తెలుగు కవుల నాదరించెను, వారాయనను మల్కిభరాముడనిరి. అన్యభాషా ప్రభువునకు మనవా రింత చక్కని తెలుగు పేరు పెట్టుకొనుట మాకెప్పుడును ముచ్చటగా దోచును. హుసేన్ సాగరమును ఆయన కాలమునాటిదే. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. 1724లో మొగలుల సుబేదారగు నిజాముల్ ముల్కు స్వతంత్రుడై అసఫ్ జాహీ వంశమును నెలకొల్పెను.

ఇంతవరకు రాజ్యములు కత్తితో మాఱినవి. పిమ్మటి మార్పు కాగితముమీద జరిగినది. మహారాష్ట్రులకును టిప్పు సుల్తానునకును నడుమ జిక్కిన నిజాము అలీఖాన్ 1798 సెప్టెంబరు 1వ తేదీన ఈస్టిండియా కంపెనీతో సంధి చేసికొనెను. కంపెనీ పటాలము లాఱింటిని తన రాజ్యమున నుంచుకొని, వానికై యేటేట 24,17,100 రూపాయలు చెల్లించుటకును, తన కొలువులోని ఫ్రెంచి దళమును తొలగించుటకును నొడంబడెను. రెండేండ్లకే సైన్యము పెరిగెను. రొక్కమునకు బదులుగా బళ్లారి, కడప మొదలగు సీమలను వదలుకొనవలసి వచ్చెను. దత్తమండలములనగా నవియే. కోస్తా సర్కారులు 1766 నాటి సంధిచేతను, గుంటూరు 1788లోను అదివఱకే పోయినవి. ఇట్లు తెలుగునాడు మూడు తునుకలయ్యెను. సైన్యవ్యయపు బాకీలకై 1853లో బేరారును చేజాఱెను.

ఆ కంపెనీ సైన్యము హుసేన్ సాగరమునకుత్తరముగా అల్వాలు ప్రాంతమున విడిసెను. 1806లో నాటి ప్రభువగు సికందర్ జా పేర నా దండునకు సికింద్రాబాదని పేరిడిరి.

1947లో బ్రిటిషువారు వెడలిపోవునపుడు సంస్థానములతోడి వారి సంధులన్నియు రద్దయ్యెను. ఇక దానెవ్వరికిని లోబడినవాడు కాడని యేడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ వాదించెను. ప్రజల తలంపు వేఱు. ఉన్నతవిద్య చాలవఱకు ఉర్దూలో సాగిన యా రాజ్యమున తెలుగువారు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1926లో గోలకొండ పత్రికను స్థాపించుకొనిరి. 1930లో జోగిపేటయందు ఆంధ్రమహాసభను జరుపుకొనిరి. నల్లగొండ, వరంగల్లు జిల్లాల రైతులు దొరల వెట్టి నెదిరించిరి.

1947 నవంబరు 29వ తేదీన ఢిల్లీతో నొక యేటికి యథాతథపు టొడంబడిక జరిగెను. ఆ గడువులో రజాకార్ల దౌర్జన్యము పల్లెలను గుదిపినది. వారిని విమర్శించిన పత్రికాసంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హతుడయ్యెను. సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము ప్రవేశించెను. 17వ తేదీన నిజాము పోరు విరమించెను. ఆ పిమ్మటి దినములలో, విశేషించి పశ్చిమ జిల్లాలయందు, నిరపరాధులగు ముస్లిములు పెక్కండ్రు మడిసిరని భారతప్రభుత్వము పంపిన సుందరలాల్ సంఘము తెలిపెను. ఈ మాట విడిచి యా చరిత్ర జెప్పుట న్యాయము గాదు.

భాషలనుబట్టి 1956లో నా రాజ్యము విడిపోయెను. 2014లో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమయ్యెను. కంపెనీ పటాలము లెన్నడో పోయినవి గాని, ఆషాఢమాసమున మన వీధులలో జరుగు నుత్సవమును జనులు నేటికిని లష్కర్ బోనాలనియే పిలుతురు. లష్కరనగా సైన్యము.