మిల్లుల నేలపై మేడలు

ముంబయి నగరములో పరేలు, లాల్‌బాగు, వర్లీ మొదలగు పేటలను కలిపి గిరణ్‌గావ్ అని వ్యవహరింతురు. మరాఠీ భాషలో గిరణి యనగా మిల్లు; గిరణ్‌గావ్ అనగా మిల్లుల ఊరు. నేడు ఆ ఊరిలో పొగగొట్టములు మిక్కిలి అరుదు. వాటి స్థానమున ఆకాశమునంటు నివాసభవనములు లేచినవి. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, ఇట్టి భవనములో ఇల్లు కొనుట యనగా నిజమునకు ఏమి కొనుటయో, పాతకాపులకు దానివలన ఏమి సంభవించుచున్నదో మా చదువరులకు తెలుపుటకు ఈ వ్యాసమున ప్రయత్నించుచున్నాము.

ఈ విషయము మనకు పరాయిది కాదు. ఈ నగరమునకు వచ్చి ఇండ్లును, బాటలును కట్టిన తెలుగు కూలీలను కామాఠీలనిరి. వారు నివసించిన పేటయే కామాఠీపురా. తరువాతి తరములలో నల్లగొండ, కరీంనగరము, వరంగల్లు జిల్లాల నుండి పద్మశాలీలు పెక్కుమంది వచ్చి మిల్లుల నేతశాఖలలో కుదురుకొనిరి. ఒకరు కుదురుకొనిన పిమ్మట ఊరినుండి తమ్ముని, బావమరదిని పిలిపించుకొనుట పరిపాటి. 1920 దశకములో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్టుమెంటువారు వర్లీ, నాయిగాం, డిలైల్ రోడ్డు, శివడీలలో 207 చాల్‌లను కట్టిరి. వీనినే నేటికిని బి.డి.డి. చాల్‌లందురు. ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. నడవ అందరిది, కుళాయి అందరిది, మరుగుదొడ్డియు అందరిదే. ఉమ్మడి సొత్తు అనుమాట ఎవరును పలుకకయే అందరును ఉమ్మడిగా బ్రతికిరి.

1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైనది. సుమారు రెండున్నర లక్షలమంది పనిమానిరి. ఆ సమ్మెను విరమించినట్లు ఎన్నడును ప్రకటింపలేదు. మిల్లులు మాత్రము ఒకదాని వెంట నొకటి మూతపడినవి. అప్పటికే నూలుకంటె నేల ప్రియమైనది.

ఆ నేల ఎవరికి చెందవలెను? 1991వ సంవత్సరపు నగరాభివృద్ధి నియమములలో 58వ నియమము దీనికొక పరిష్కారమును చూపినది. మిల్లు స్థలమును వేరు పనికి మార్చినచో సుమారు మూడవవంతు ఉద్యానములకును, ఆటస్థలములకును నగరసభకు ఈయవలెను, మరియొక మూడవవంతు సామాన్యుల ఇండ్లకై గృహనిర్మాణ సంస్థయగు మ్హాడాకు ఈయవలెను, మిగిలినది యజమానిది. 2001లో ఈ నియమమును సవరించిరి. అటుపిమ్మట పంచవలసినది మిల్లు స్థలమంతయు కాదు, కట్టడములు లేక ఖాళీగానున్న భాగమును మాత్రమే. చూచుటకిది చిన్న సవరణ. కాని లెక్కవేసి చూతము. పదునైదు ఎకరముల మిల్లులో మూడెకరములు మాత్రమే ఖాళీగా నున్నవనుకొందము. పాత నియమము ననుసరించి ఉద్యానములకు ఐదు, సామాన్యుల ఇండ్లకు ఐదు ఎకరములు రావలెను. కొత్త నియమము ననుసరించి వచ్చునది ఒక్కొక్క ఎకరము. ఉన్నతన్యాయస్థానము 2005లో ఈ సవరణను త్రోసిపుచ్చినది. 2006 మార్చిలో సర్వోన్నతన్యాయస్థానము దానిని నిలిపినది. గిరణ్‌గావ్ నేటి రూపమునకు మేడలు కట్టిన శిల్పులకంటె ఆ ఒక్క వాక్యమే ఎక్కువ కారణమని మా అభిప్రాయము.

శ్రీనివాస మిల్లు స్థలమున నేడు 280 మీటర్ల ఎత్తుగల నివాసభవనము నిలిచియున్నది. ఫీనిక్సు మిల్లు పెద్ద అంగడిగా మారినది. దాని పొగగొట్టమును మాత్రము కూల్చక అలంకారముగా నిలిపిరి. పొగ లేని పొగగొట్టము చూడముచ్చటగానే యున్నది! కార్మికులకు పూటకూడు పెట్టిన ఖానావళులు మాత్రము అట్టి ఆదరమునకు నోచుకొనలేదు.

ఇక ఇట్టి భవనములో ఇల్లు కొనువాడు ఏమి కొనుచున్నాడు? నాలుగు గోడల నడిమి చోటు ఒక్కటియే అతనిది. మెట్లు, లిఫ్టు, నీటితొట్టి, పైకప్పు, క్రింది నేల అందరికిని ఉమ్మడి. కండోమినియము అను లాటిను మాటకును ఉమ్మడి యాజమాన్యమనియే అర్థము. మన రాష్ట్రమున దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది సహకార గృహసంఘము: నేలయు, కట్టడమును సంఘమునకు చెందును; సభ్యునికి వాటాయు, తన ఇంటిలో నివసించు హక్కును ఉండును. రెండవది 1970వ సంవత్సరపు అపార్టుమెంటు యాజమాన్య చట్టము క్రింద ఏర్పడు కండోమినియము: ఇందులో ఎవరి ఇల్లు వారి సొంతము, నేలలోను, ఉమ్మడి భాగములలోను ఒక్కొక్కరికి విడదీయరాని వాటా యుండును.

ఈ భేదము న్యాయవాదులకు విడిచిపెట్టదగినది కాదు, ఏలయన నెలనెలకు చెల్లించు సొమ్ము దీనిపై ఆధారపడును. కావలివాని జీతము, ఉమ్మడి దీపముల ఖర్చు మొదలగువానిని సహకారసంఘములో ఇంటికింతయని సమముగా పంచుదురు. పెద్ద ఇల్లయినను చిన్న ఇల్లయినను ఒకటే. లిఫ్టు ఖర్చునందు క్రింది అంతస్తువారికిని సమభాగమే. కండోమినియములో నైతే ఎవరి వాటా ఎంతయో వారి ఖర్చును అంతయే. పెద్ద ఇంటివారు ఎక్కువ ఇత్తురు. చిన్న ఇంటిని కొనబోవువారు అడుగవలసిన మొదటి ప్రశ్న గోడల రంగును గూర్చి కాదు, ఈ పంపకమును గూర్చి.

ఎత్తైన కట్టడము ఒకసారి కట్టి మరచునది కాదు. నీరు నలుబదవ అంతస్తునకు తనంతట ఎక్కదు. మోటార్లు తిరుగవలెను, లిఫ్టులను నెలనెల పరీక్షింపవలెను, అగ్నిమాపక సాధనములను సిద్ధముగా నుంచవలెను. ఇవిగాక మరమ్మతుల నిధియు, ముందుముందు పెద్ద పనులకై దాచు నిధియు కలవు. చాల్‌లో నడవ ఊడ్చుటకు వంతులుండెను; మేడలో ఆ వంతు రూపాయలుగా మారును. అద్దె స్వల్పముగా నుండిన కుటుంబమునకు ఇది కొత్త భారము. ఆ భారమును మోయగలవారు నిలుతురు. మోయలేనివారు ఇంటిని అమ్మియో అద్దెకిచ్చియో దూరపు శివారులకు తరలుదురు. పేట రూపు మారుట యనగా ఇదియే. ఎవరును ఎవరిని వెళ్లగొట్టరు. నెలసరి బిల్లు ఆ పని చేయును.

మిల్లు కార్మికుల సంగతి చూతము. వారికై కట్టిన ఇండ్లు సాధారణముగా 225 చదరపు అడుగులు. ఇండ్లు వేలలో నుండగా దరఖాస్తులు లక్షకు పైగా వచ్చినవి. కావున చీట్లు తీసి ఇచ్చిరి. బి.డి.డి. చాల్‌లవారి స్థితి మెరుగు. 160 అడుగుల గదికి మారుగా 500 చదరపు అడుగుల ఇల్లు వెల లేకయే, పాత చోటనే లభించును. వర్లీలో 2025 ఆగస్టులో 556 కుటుంబములకు మొదటి విడతగా తాళపుచెవులిచ్చిరి. ఇంటిలోనే స్నానపుగది, మరుగుదొడ్డి యుండుట ఎంతటి సుఖమో నడవ చివర వరుసలో నిలిచిన మన తల్లులకు తెలియును. నెలసరి బిల్లును చూపి ఆ సుఖమును తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. అట్టి ఇల్లు వచ్చినవారు దానిని నిలుపుకొనవలెననియే మా కోరిక.

ఇందుకు కాగితములు ముఖ్యము. పెక్కు గదుల అద్దె రసీదులు చనిపోయిన తాతగారి పేరనే యుండుట మేమెరుగుదుము. అన్నదమ్ములు ఊళ్లు పంచుకొని వెళ్లిరి. గది పేరు మాత్రము మారలేదు. ఇంటిని కేటాయించు నాడు ఎవరి పేరున వ్రాయవలెనను తగవు అప్పుడు పుట్టును. పెద్దలు జీవించి యుండగనే వారసత్వమును వ్రాతలో పెట్టి, మరణధ్రువపత్రము, రేషను కార్డు, పాత రసీదులు ఒకచోట దాచుట మేలు.

కొత్త భవనమున సంఘమేర్పడిన పిమ్మట సర్వసభ్య సమావేశమునకు నోటీసు వచ్చును. నిధులు, చందాలు, మరమ్మతులు, అన్నియు అచ్చటనే తీర్మానింతురు. రానివారి తరపున వచ్చినవారే నిర్ణయింతురు. ఆ నోటీసు మరాఠీలో నుండును. మన అవ్వలలో, తాతలలో ఆ భాష మాటలాడువారు పెక్కుమంది, చదువగలవారు కొందరే. కావున మెట్లవద్ద అంటించిన కాగితమును చదివి, దాని అర్థమును తెలుగున ఇంటివారికి వినిపించు పని ఈ సంచిక చదువు విద్యార్థులది. లెక్కలపట్టీలో ఏ అంకె ఏ పద్దు క్రిందిదో తెలియనిచో సమావేశమున లేచి అడుగవచ్చును. సభ్యులు అడిగిన లెక్కకు సంఘము బదులు చెప్పవలసియే యుండును.