మింగకుండా పది సెకన్లు

"గడ్డను సూదితో పొడిస్తే కేన్సర్ ఒళ్లంతా పాకుతుందిరా." ఉయ్యూరులో బెజవాడ బస్సెక్కేదాకా మా పెద్దమ్మది ఇదే మాట. మెడ ముందు ఉసిరికాయంత గడ్డ. గుటక వేస్తే పైకీ కిందికీ కదిలేది.

సూది వేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. మత్తు లేదు, కోత లేదు. భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చారు. "పది సెకన్లు మింగొద్దమ్మా, మాట్లాడొద్దు" అన్నారు డాక్టరుగారు. సూది 25 గేజి, అంటే అర మిల్లీమీటరు మందం. గడ్డలో చకచకా ముందుకీ వెనక్కీ ఆడించి తీసేశారు. సిరంజితో లాగనే లేదు. థైరాయిడ్ నిండా రక్తనాళాలే కాబట్టి, లాగితే నెత్తురొచ్చి కణాలను ముంచేస్తుంది. లాగకపోయినా సన్నని గొట్టంలోకి కణాలు వాటంతటవే ఎక్కుతాయి. స్లైడ్ మీద ఒక చుక్క, దాన్ని ఇంకో స్లైడ్‌తో మెల్లగా రాస్తే పలచటి పూత. ఇంత సన్నసూది దారిలో థైరాయిడ్ కేన్సర్ పాకడం బహు అరుదు.

1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆస్పత్రిలో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ వాడిన సూది 18 గేజి, మిల్లీమీటరు పైచిలుకు లావు. దాన్ని సన్నం చేసి, చుక్కలోని కణాలను చదవడం నేర్పినవాళ్లు స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆస్పత్రి వైద్యులు ఫ్రాన్‌జెన్, జాయిచెక్, లోవ్‌హాగెన్. అంతకుముందు అనుమానం వస్తే ఆపరేషనే. ఈ గడ్డల్లో కేన్సర్ నూటికి పదిహేనుకు మించదు. మిగతావాళ్లలో ఎందరో ఊరికే మెడ కోయించుకున్నారు, ఆపైన రోజూ థైరాయిడ్ మాత్ర కూడా. నాకు కష్టం కలిగించే లెక్క అది.

ఇప్పుడు రిపోర్టులో బెథెస్డా అనే వర్గీకరణ అంకె ఉంటుంది, 1 నుంచి 6 దాకా. చాలినన్ని కణాలు రాకపోతే 1, మళ్లీ సూది వేయాలి. 2 అంటే మామూలు గడ్డ. 2023 లెక్కల్లో అక్కడ కేన్సర్ తేలేది సగటున నూటికి నాలుగు. 6లో తొంభై ఏడు. ఈ రెండు కొసల్లో సూది మాట గట్టిది.

పెద్దమ్మకు 4 వచ్చింది. అంటే కేన్సర్ అవకాశం నూటికి ముప్పై. 4లో వచ్చే ఫాలిక్యులర్ గడ్డల్లో మంచిదానికీ చెడ్డదానికీ కణాలు ఒకేలా ఉంటాయి. చెడ్డది తన చుట్టూ ఉన్న పొరను గానీ, రక్తనాళాన్ని గానీ చీల్చుకు పోతుంది. సూది తెచ్చేది కణాలనే, పొరను కాదు. బస్తాలో ధాన్యం చూసి పొలం గట్టు తెగిందో లేదో చెప్పగలమా? తేల్చలేనని ఒప్పుకున్న ఆ 4 మీద నాకు గురి పెరిగింది.

థైరాయిడ్ ఒక పక్క తీశారు. గడ్డ పొరను చుట్టూరా ముక్కలు కోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. గట్టు ఎక్కడా తెగలేదు.