బొప్పాయి కాడతో బావి అడుగుకు

వేసవి సెలవుల్లో జగిత్యాల పల్లెల్లో పిల్లలు సొరకాయ బుర్రలు కట్టుకొని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకుంటారు. పొడవైన బొప్పాయి కాడను నోట పెట్టుకొని, రెండో కొస నీటిపైన ఉంచితే బావి అడుగున కూర్చొని ఊపిరి పీల్చవచ్చునా?

పీల్చలేము. ఎన్నడూ ప్రయత్నించకండి! నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఒక్క మీటరు లోతులోనే నీరు రొమ్మును అదిమిపెట్టడం వల్ల పైనుంచి గాలి లాగడం చాలా కష్టం. ఇంకా లోతైతే అసాధ్యం.

కాబట్టి మునిగేవారికి చుట్టూ ఉన్న నీటి పీడనంతో సమానమైన పీడనంలో గాలి అందాలి. వీపున కట్టుకొనే సిలిండరులో గాలి 150 వాతావరణాలకు పైగా పీడనంలో ఉంటుంది. దాన్ని తగ్గించి, పీల్చినప్పుడు మాత్రమే అందించేది రెగ్యులేటరు. 1943లో ఫ్రాన్సులో ఎమిల్ గాన్యా అనే ఇంజనీరు, కార్లకు గ్యాసు అందించే సాధనాన్ని మార్చి, నౌకాదళ అధికారి జాక్ కూస్టోతో కలిసి దీన్ని రూపొందించాడు. మన వంటగ్యాసు రెగ్యులేటరుకు ఇది చుట్టమే.

దీని కీలకం ఒక రబ్బరు పొర. పొరకు ఒకవైపు నీరు, మరోవైపు గాలి. ఊపిరి పీల్చగానే పొర లోపలికి వంగి మీటను నొక్కుతుంది. కవాటం తెరుచుకొని గాలి వస్తుంది. రెండువైపులా పీడనం సమానం కాగానే కవాటం మూసుకుంటుంది. లోతును పసిగట్టేది ఆ పొరే!

ఆనాటి రెగ్యులేటర్లను ఇంట్లో బాగుచేసే సరదా కొందరికి నేటికీ ఉంది. చింతపండుతో మనం బిందెలు తోమినట్టే, వారు ఇత్తడి భాగాలను పలుచని వినిగర్‌లో నానబెట్టి చిలుము వదిలిస్తారు. అసలు చిక్కు రబ్బరుతోనే. కోరుట్లలో ఏ సైకిలు షాపులోనైనా పాత ట్యూబును సాగదీసి చూడండి, పగుళ్లు కనిపిస్తాయి. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరును పెళుసుబారుస్తాయి. అందుకే పొర, గొట్టాలు, వదిలిన గాలి బయటికి పోయే రబ్బరు రెక్క కొత్తవి వేయాలి.

సిరిసిల్ల మరమగ్గాలకు నూనె కావాలి. రెగ్యులేటరుకు మాత్రం మామూలు నూనె తగలరాదు. సిలిండరు తెరవగానే గాలి ఒక్కసారిగా లోపల కుక్కుకొని వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె అంటుకోవచ్చు. బాగుచేశాక కూడా, శిక్షణ పొందిన నిపుణుడు పీడనాలు కొలిచి సరేననే వరకు దాన్ని నీటిలోకి తీసుకుపోరాదు. పొరలోని చిన్న చిల్లు గుండా గాలికి బదులు నీరు రావచ్చు.

ఇక మీరు చేయదగిన ప్రయోగం: గరాటు వెడల్పు మూతికి బెలూను ముక్కను బిగించి కట్టండి. సన్న కొసను పైన ఉంచి, మూతిని బకెట్టు నీటిలోకి మెల్లగా దించండి. రబ్బరు లోపలికి ఉబ్బుతుంది. ఇంకా దించితే ఇంకా ఉబ్బుతుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.