నమోదు సులువైతేనే ‘గిగ్’ బతుకుకు భరోసా
పేర్లలో తేడాలు, అర్థంకాని షరతులతో యువత అవస్థలు

విజయవాడ: చేతిలో స్మార్ట్‌ఫోను, ఇంటి ముందు ద్విచక్రవాహనం ఉంటే చాలు.. ఉపాధి దొరుకుతుందన్న ఆశతో ఆహార సరఫరా, వస్తువుల చేరవేత, కిరాయి వాహనాల యాప్‌లవైపు యువత మొగ్గుచూపుతోంది. అయితే పనిలోకి దిగకముందే, పేరు నమోదు దశలోనే అనేకమంది చిక్కుల్లో పడుతున్నారు. తొలిరోజు తెలియక చేసిన చిన్న పొరపాటు, ప్రమాదం జరిగిన రోజున కుటుంబానికి బీమా అందకుండా చేసే ప్రమాదమూ ఉంది. ఈ నేపథ్యంలో నమోదు విధానాన్ని కార్మికుడికి అనువుగా మార్చవలసిన అవసరం ముందుకొస్తోంది.

ఎవరీ గిగ్ కార్మికులు?
సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి ఆదాయం పొందేవారిని గిగ్ కార్మికులుగా సామాజిక భద్రత స్మృతి-2020 నిర్వచించింది. 2020-21లో దేశంలో వీరి సంఖ్య 77 లక్షలని, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరగలదని నీతి ఆయోగ్ 2022 జూన్‌లో వెలువరించిన నివేదికలో అంచనా వేసింది.

ఇంటిపేరుతోనే తొలి చిక్కు
నమోదుకు సాధారణంగా ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, వాహన రిజిస్ట్రేషన్ పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. తెలుగువారికి ఇక్కడే ఇబ్బంది ఎదురవుతోంది. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. మరొకదానిలో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. ఇంకొకదానిలో ఇంటిపేరు చివరికి చేరుతుంది. ఊళ్లో అందరికీ ఒక్కడే అయిన మనిషి, కంప్యూటరుకు ముగ్గురుగా కనిపిస్తాడు. బ్యాంకు ఖాతాను సరిచూసేందుకు రూపాయి జమచేసి పేరు పోల్చే పద్ధతిలోనూ ఇదే సమస్య. దరఖాస్తు తిరస్కరణకు గురైనా కారణం తెలియకపోతే, దరఖాస్తుదారు ఏ పత్రాన్ని సవరించుకోవాలో అర్థంకాక రోజుల తరబడి తిరుగుతాడు. పని దొరకని ప్రతి రోజూ ఆదాయం కోల్పోయిన రోజే.

అంగీకారం సరే.. అర్థమైందెంత?
పత్రాల తర్వాత షరతుల వంతు వస్తుంది. పేజీలకొద్దీ ఆంగ్లంలో ఉండే నిబంధనలను చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట నొక్కడం పరిపాటి. ఆర్డరుకు చెల్లింపు ఎలా లెక్కిస్తారు, సంచి, టీషర్టుల ఖర్చు ఎవరిది, ఏ కారణంతో ఖాతాను నిలిపివేస్తారు, బీమా ఎప్పటి నుంచి వర్తిస్తుంది అన్నవి తొలిరోజే తెలియవలసిన విషయాలు. ముఖ్యంగా బీమాకు నామినీ పేరును నమోదు సమయంలోనే స్పష్టంగా రాయించుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉంటే, జరగరానిది జరిగినపుడు కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

సొంత అవసరాలకు తీసుకునే వాహన బీమాలో కిరాయి వినియోగానికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. ఈ సంగతి నమోదు సమయంలో చెబితే కార్మికుడు ముందే జాగ్రత్తపడగలడు.

తనిఖీ తప్పదు
నమోదును సులభం చేయడమంటే తనిఖీలను ఎత్తివేయడం కాదు. ప్రయాణికుల భద్రతకు, ఇంటి గుమ్మం వరకు వచ్చే వ్యక్తిపై నమ్మకానికి గుర్తింపు పరిశీలన అవసరం. పత్రాలు కుదరక స్నేహితుడి ఖాతాతో బండి నడిపేవారికి ముప్పు మరింత ఎక్కువ. రికార్డుల్లో ఒకరు, రోడ్డుపై మరొకరు ఉంటే ప్రమాద బీమా వర్తించడం కష్టం. నమోదు కఠినమైనకొద్దీ ఇలాంటి అడ్డదారులు పెరుగుతాయి. కేంద్రం 2025 జులైలో జారీచేసిన మోటారు వాహన అగ్రిగేటర్ మార్గదర్శకాలు డ్రైవర్లకు 40 గంటల ప్రారంభ శిక్షణ, రూ.5 లక్షలకు తగ్గని ఆరోగ్య బీమా, రూ.10 లక్షలకు తగ్గని జీవిత బీమా ఉండాలని నిర్దేశించాయి.

చట్టాల అండ
అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్‌ను ప్రారంభించింది. నమోదైనవారికి 12 అంకెల సంఖ్య లభిస్తుంది. 2025 జనవరి నుంచి ఇది 22 భాషల్లో అందుబాటులోకి వచ్చింది. గిగ్ కార్మికులకు ఈ-శ్రమ్ గుర్తింపు కార్డులు, ఆయుష్మాన్ భారత్ పథకం కింద వైద్యసేవలు కల్పిస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతి ప్రకారం సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల సంక్షేమానికి చెల్లించాలి. కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి ఇది మించరాదు.

రాష్ట్రాల్లో రాజస్థాన్ 2023లో తొలి చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టం, కార్మికుడిని తొలగించాలంటే కారణం చూపి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటోంది. గిగ్ కార్మికులకు రూ.5 లక్షల ప్రమాద బీమాను తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటించింది. ఈ ప్రయోజనాలన్నిటికీ సరైన నమోదే మూలం.

ఎలా మారాలి?
* కావలసిన పత్రాల జాబితాను నమోదుకు ముందే చూపాలి.
* మధ్యలో సిగ్నల్ పోయినా, పూర్తిచేసిన వివరాలు భద్రంగా ఉండాలి.
* ముఖ్య షరతులను తెలుగులో, చదవలేనివారికి వినిపించేలా అందించాలి.
* పేర్లలో తేడా వస్తే యంత్రానికే వదలక, సిబ్బంది పరిశీలించాలి. తిరస్కరిస్తే కారణం, సవరణ మార్గం తెలపాలి.
* ఒక నమూనా ఆర్డరుపై కోతలు పోను చేతికెంత వస్తుందో ముందే చూపాలి.
* నామినీ నమోదు, ఈ-శ్రమ్ అనుసంధానం అదే దశలో పూర్తిచేయాలి.

అభ్యర్థులు గమనించవలసినవి
* ఆధార్, పాన్, లైసెన్సు, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి.
* ఓటీపీని, సొంత ఖాతాను ఎవరికీ ఇవ్వరాదు.
* ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందుగా డబ్బు అడిగే దళారులను నమ్మరాదు. మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.
* ఈ-శ్రమ్‌పై సందేహాలకు 14434 నంబరును సంప్రదించవచ్చు.