యుద్ధకాలపు లైకా కెమెరాలు: ప్రామాణికతా నిర్ణయం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ వైమానిక దళం వాడినవిగా ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చే లైకా కెమెరాలలో అనేకం నిజానికి సోవియట్ తయారీలు. ఖార్కోవ్‌లో 1934 నుండి ఫెడ్, క్రాస్నోగోర్స్క్‌లో 1948 నుండి జోర్కీ కెమెరాలు లైకా II నమూనాను అనుసరించి తయారయ్యాయి. వాటిపై ఉన్న పేరును చెరిపి లైకా పేరును, గద్ద చిహ్నాన్ని చెక్కడం సులభం. క్రమసంఖ్యను సైతం అసలు కెమెరా నుండి అనుకరించవచ్చు. కనుక ప్రామాణికతను నిర్ణయించవలసినది ముద్ర కాదు, యంత్రనిర్మాణం.

లెన్స్‌ను విప్పి చూస్తే, దూరమాపకపు మీట కొసన లైకాలో గుండ్రని చిన్న చక్రం ఉంటుంది. సోవియట్ కెమెరాలలో సాధారణంగా చక్రం లేని వాలు కొస కనిపిస్తుంది. వైమానిక దళానికి చేరిన లైకా IIIసి ముందుభాగంలో తక్కువ షట్టర్ వేగాల డయల్ ఉంది. తొలి ఫెడ్, జోర్కీ నమూనాలలో అది లేదు.

కాబట్టి లెన్స్ విప్పిన స్థితిలో ఛాయాచిత్రం లేని కెమెరాను చరిత్ర పరిశోధనకు ఆధారంగా స్వీకరించడం సమంజసం కాదు.